మధ్యాహ్నం దాటక ముందే అమలు కావాల్సిన చట్టం

పింఛను ఒక నెల ఆగితే మరుసటి నెల బకాయితో కలిపి చేతికొస్తుంది. స్కాలర్‌షిప్పు ఆలస్యమైనా ఏడాది చివర్లో ఖాతాలో పడుతుంది. రేషన్ బియ్యం ఈ వారం రాకపోతే వచ్చే వారం తెచ్చుకోవచ్చు. ప్రభుత్వం నుంచి మనకు రావలసిన వాటిలో చాలావాటికి బకాయి అనే వెసులుబాటు ఉంది. మూడో తరగతి పిల్లకు మంగళవారం మధ్యాహ్నం అందాల్సిన భోజనానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆ పూట దాటిందంటే పిల్ల ఆకలితోనే ఇంటికి వెళ్లింది. బుధవారం రెండింతలు వడ్డించినా మంగళవారం ఆకలి తీరదు.

బడి భోజనం గురించిన మన చట్టాన్ని, నియమాలను రాసినవాళ్లు ఈ సంగతిని చివరిదాకా మరిచిపోలేదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టాన్ని, దాని కింద కేంద్రం 2015 సెప్టెంబరు 30న ప్రకటించిన మధ్యాహ్న భోజన నియమాలను పక్కపక్కన పెట్టుకుని చదివితే అది స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి రోజూ, వరసగా మూడు రోజులు, నెలలో అయిదు రోజులు, నెలకోసారి, వచ్చే నెల 15లోగా అంటూ అడుగడుగునా కాలం లెక్కలే. ఎక్కడ ఏది ఆగిపోవచ్చో ముందే ఊహించారు. ఆగిన చోట పూనుకోవాల్సింది ఎవరో, ఎన్నాళ్లలోనో అక్కడే రాశారు. ఆ పనితనాన్ని ఒక్కో భాగంగా విప్పి చూద్దాం.

పునాది: వండి పెట్టాలన్న ఆదేశం

బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచన ఈ చట్టంతో పుట్టలేదు. తమిళనాడులో కామరాజ్ 1956లో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. 1982లో ఎం.జి.రామచంద్రన్ దాన్ని బాగా విస్తరించారు. కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న దేశవ్యాప్త పథకం ప్రారంభించింది. అయితే చాలా రాష్ట్రాల్లో పిల్లలకు వండిన అన్నం అందలేదు. ఎనభై శాతం హాజరుంటే నెలకు మూడు కిలోల ధాన్యం ఇచ్చి పంపేవారు. ఇంటికి చేరిన గింజలు కుటుంబమంతటి కుండలోకి వెళ్తాయి, అందులో బడి పిల్ల వాటా ఎంతో ఎవరూ కొలవలేరు. మధ్యాహ్నం తరగతిలో కూర్చున్న పిల్ల కడుపుకు ఆ మూడు కిలోల వల్ల నేరుగా ఒరిగేదీ ఉండదు.

2001లో భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం నిల్వలు పేరుకుపోయి ఉన్నాయి. అదే సమయంలో కరువు ప్రాంతాల్లో జనం ఆకలితో అలమటిస్తున్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ తర్వాత ‘ఆహార హక్కు కేసు’గా పేరుపడింది. ఆ కేసులో నవంబరు 28న వచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఒక చక్కని కొలబద్ద. ఎవరికి అంటే, ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లోని ప్రతి పిల్లకూ. ఏమిటి అంటే, వండిన భోజనం. ఎంత అంటే, కనీసం 300 క్యాలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్. ఎన్నాళ్లు అంటే, ఏడాదికి కనీసం 200 రోజులు. గింజలు పంచుతున్న రాష్ట్రాలు మూడు నెలల్లో సగం జిల్లాల్లో వంట మొదలుపెట్టాలి, అదీ పేదరికం ఎక్కువున్న జిల్లాల నుంచి. మిగిలిన జిల్లాలకు మరో మూడు నెలలు గడువు.

ఈ ఉత్తర్వు ‘పిల్లల పోషణ మెరుగుపరచాలి’ అని చెప్పి ఊరుకోలేదు. అలా చెప్పి ఉంటే పాటించామని చెప్పుకోవడం తేలిక, పాటించలేదని నిరూపించడం కష్టం. పొయ్యి వెలిగిందా లేదా, కంచంలో ఎంత పడింది, ఎన్ని రోజులు పడింది అన్నవి మాత్రం ఊళ్లో ఎవరైనా చూసి చెప్పగలిగినవి. చదువు రాని తల్లి కూడా సాక్షి కాగలిగేలా ఆదేశం రాయడం ఎంతో ఆలోచించి చేసిన పని.

ఆదేశాలు అమలవుతున్నాయో లేదో చూడడానికి కోర్టు 2002 మేలో ఇద్దరు కమిషనర్లను నియమించింది. ఒకరు ఎన్.సి.సక్సేనా, రెండోవారు ఎస్.ఆర్.శంకరన్. శంకరన్ గారిని తెలుగువాళ్లకు కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. వెట్టిచాకిరీ నిర్మూలన కోసం, సాంఘిక సంక్షేమ హాస్టళ్ల కోసం ఆయన ఈ నేల మీద చేసిన పనిని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడుల్లో వండి వడ్డించడం 2003 జనవరిలో మొదలైంది. 2004 ఏప్రిల్ 20న కోర్టు మరికొన్ని ఆదేశాలిచ్చింది. వంట పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలంది. పిల్లల దగ్గర ఏ రూపంలోనూ డబ్బు వసూలు చెయ్యకూడదంది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం ఆగకూడదంది. ఎవరు వండినది ఎవరు తింటున్నారన్న పాత పట్టింపు బడి పంక్తిలో ఎదురవుతుందని కోర్టుకు తెలుసు. అందుకే వంటగది ఎవరి చేతిలో ఉండాలో కూడా ఆదేశంలోకి వచ్చింది.

ఒక్క సెక్షన్, ఒక్కో మాట

పుష్కర కాలం కోర్టు ఉత్తర్వుల మీద నడిచిన ఈ ఏర్పాటుకు 2013లో పార్లమెంటు చట్టరూపం ఇచ్చింది. రాష్ట్రపతి ఆమోదం సెప్టెంబరు 10న వచ్చింది. పిల్లల భోజనానికి గుండెకాయ లాంటిది అయిదో సెక్షన్. అందులో బడి పిల్లల క్లాజు పొడవు ఒక్క వాక్యమే. ఆ వాక్యంలో ప్రతి మాటకూ ఒక పని ఉంది.

ఎనిమిదో తరగతి వరకు లేదా ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్య వయసు, ఏది వర్తిస్తే అది. ఈ చివరి ముక్క చిన్నదిగా కనిపిస్తుంది. ఆలస్యంగా బడిలో చేరి పదిహేనేళ్లకు ఏడో తరగతి చదివే పిల్లవాణ్ని వయసు పేరుతో పంక్తిలోంచి లేపడానికి అది ఒప్పుకోదు. తర్వాత, రోజుకు ఒక మధ్యాహ్న భోజనం, ఉచితంగా. బడి సెలవులు మినహా ప్రతి రోజూ. ఇక్కడ చట్టం కోర్టు ఉత్తర్వును దాటి ముందుకెళ్లింది. 200 రోజులు అన్నది కనీస పరిమితి. దాన్ని చూపించి 201వ రోజున పొయ్యి ఆర్పవచ్చు. బడి తెరిచిన ప్రతి రోజూ అన్నాక ఆ దారి మూసుకుపోయింది. స్థానిక సంస్థలు, ప్రభుత్వం నడిపే బడులతోపాటు ప్రభుత్వ సాయం అందుకునే బడులూ దీని కిందికి వస్తాయి. చివరగా, రెండో షెడ్యూలులో చెప్పిన పోషక ప్రమాణాలకు సరిపోయేలా.

ఆ వెంటనే రెండో ఉపసెక్షన్ ఉంది. ప్రతి బడిలో, ప్రతి అంగన్‌వాడీలో వంటకు, మంచినీళ్లకు, మరుగుదొడ్లకు వసతి ఉండాలి. పట్టణాల్లో అవసరమైన చోట కేంద్రీకృత వంటశాలల నుంచి తెప్పించుకోవచ్చు. అన్నం హక్కు పక్కనే నీళ్లనూ మరుగుదొడ్డినీ చేర్చడంలో వైద్యుల ఆలోచన ఉంది. విరేచనాలతో నీరసించే ఒంటికి ఎంత పెట్టినా పట్టదు. తిన్నది వంటబట్టే పరిస్థితి కూడా హక్కులో భాగమేనని ఈ ఉపసెక్షన్ చెబుతోంది.

బడి వయసు రాని పిల్లల సంగతి అదే సెక్షన్‌లో ముందే ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు అంగన్‌వాడీ ద్వారా వయసుకు తగిన ఆహారం. ఆరు నెలల లోపు బిడ్డలకు తల్లిపాలు మాత్రమే పట్టేలా ప్రోత్సహించాలి. నాలుగో సెక్షన్ గర్భిణులకూ, ప్రసవం తర్వాత ఆరు నెలల వరకు తల్లులకూ ఆహారం చెప్పింది. ఈ ఆరు నెలలనూ ఆ ఆరు నెలలనూ పక్కపక్కన పెట్టి చూడండి. బిడ్డ తల్లిపాల మీద ఉన్నన్నాళ్లూ చట్టం తల్లికి అన్నం పెడుతుంది. బిడ్డకు విడిగా తిండి మొదలయ్యే రోజున వాటా బిడ్డ పేరు మీదికి మారుతుంది. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఆరో సెక్షన్ మరో అడుగు వేసింది. పోషకాహార లోపమున్న పిల్లలు అంగన్‌వాడీకి వచ్చేదాకా కాచుకోకూడదు, ప్రభుత్వమే వాళ్లను గుర్తించి పెట్టాలి.

పట్టిక లోపలి లెక్క

చట్టంలో అంకెలు వాక్యాల మధ్య లేవు, చివర్లో రెండో షెడ్యూలులో ఉన్నాయి. 2013లో రాసిన రూపంలో అది ఒక చిన్న పట్టిక. ఎవరికి, ఏ రకం ఆహారం, ఎన్ని క్యాలరీలు, ఎన్ని గ్రాముల ప్రొటీన్ అన్నవే అందులోని గడులు. ప్రాథమిక తరగతుల పిల్లలకు వేడిగా వండిన భోజనం, 450 క్యాలరీలు, 12 గ్రాములు. ప్రాథమికోన్నత తరగతులకు 700 క్యాలరీలు, 20 గ్రాములు. మూడు నుంచి ఆరేళ్ల అంగన్‌వాడీ పిల్లలకు ఉదయం అల్పాహారం, వేడి భోజనం కలిపి 500 క్యాలరీలు, 12 నుంచి 15 గ్రాములు. పోషకాహార లోపమున్న పిల్లలకైతే 800 క్యాలరీలు, 20 నుంచి 25 గ్రాములు.

క్యాలరీల్లో చెప్పిన మాట వంటమనిషికి పనికిరాదు. ఆమెకు కావాల్సింది తూకం. ఆ అనువాదాన్ని నియమాల పట్టిక చేసి పెట్టింది. ప్రాథమిక తరగతుల పిల్ల ఒక్కరికి ధాన్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5, ఉప్పూ కారం తగినంత. పై తరగతులకు ధాన్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె 7.5 గ్రాములు.

ఈ రెండు పట్టికలూ ఎలా కుదురుతాయో ఒకసారి వేసి చూడాల్సిందే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన తిండి గింజల పోషక విలువలను దశాబ్దాలుగా లెక్కగట్టి ప్రచురిస్తోంది. ఆ లెక్కల ప్రకారం వంద గ్రాముల బియ్యంలో సుమారు 345 క్యాలరీలు, ఏడు గ్రాముల లోపు ప్రొటీన్ ఉంటాయి. ఇరవై గ్రాముల కందిపప్పుతో మరో 67 క్యాలరీలు, నాలుగున్నర గ్రాముల ప్రొటీన్ వస్తాయి. అయిదు గ్రాముల నూనె అంటే 45 క్యాలరీలు. ఇప్పటికే 457 అయింది. ప్రొటీన్ పదకొండు దాటింది. మిగిలిన కొద్దిపాటి ప్రొటీన్‌ను కూరగాయలు తెచ్చిపెడతాయి. 450, 12 అనే గీతను కంచం సరిగ్గా అందుకుంది. అయితే చెయ్యి జారడానికి ఎక్కడా జాగా లేదు. పప్పులో నీళ్లు పెరిగి పప్పు ఇరవై గ్రాములకు బదులు పది గ్రాములే పడితే, ప్రొటీన్ అక్కడికక్కడే గీత కిందికి పోతుంది. పలచటి పప్పుచారు చూసి తల్లులు బడి ముందు నిలదీసినప్పుడు ఆ కోపం వెనుక ఈ లెక్కంతా ఉంది.

పై తరగతుల దగ్గర ఇంకో విశేషం. దినుసులన్నీ సరిగ్గా ఒకటిన్నర రెట్లయ్యాయి. ప్రమాణాలు మాత్రం అంతకంటే ఎక్కువ పెరిగాయి, ముఖ్యంగా ప్రొటీన్ పన్నెండు నుంచి ఇరవైకి వెళ్లింది. క్యాలరీలు సరిపోతాయి కానీ, అదే లెక్క వేస్తే ప్రొటీన్ ఇరవైకి కాస్త ఇవతలే ఆగుతుంది. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కంచం పక్కన కనిపించే గుడ్డు ఏ ఖాళీని పూడుస్తోందో ఈ తీసివేత చూపిస్తుంది.

అంకెలను షెడ్యూలులో పెట్టడం కూడా ఆలోచించి చేసిందే. చట్టంలో మాట మార్చాలంటే పార్లమెంటులో సవరణ బిల్లు కావాలి. షెడ్యూలును 37వ సెక్షన్ కింద నోటిఫికేషన్‌తో సవరించవచ్చు, దాన్ని సభల ముందు ఉంచితే చాలు. పిల్లకు అన్నం పెట్టాలన్నది మారకూడని మాట, కాబట్టి అది ఎత్తులో ఉంది. ఎంత, ఏ పోషకాలు అన్నది శాస్త్రం పెరిగేకొద్దీ మారుతుంది, కాబట్టి అది చేతికందే ఎత్తులో ఉంది. ఆ సౌలభ్యం 2023 జనవరిలో ఉపయోగపడింది. క్యాలరీలు, ప్రొటీన్‌తో ఆగిన పట్టికలోకి కొవ్వులు, ఇనుము, కాల్షియం, జింకు, విటమిన్ల వంటివి వచ్చి చేరాయి. పథకం పేరు ఇంకా కింది మెట్టు మీద ఉంటుంది. కేంద్రంలో 2021లో అది పీఎం పోషణ్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జగనన్న గోరుముద్ద అయింది, 2024లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. బోర్డు మీద ఏ పేరున్నా అయిదో సెక్షన్ కదలలేదు.

గోదాము నుంచి కంచం దాకా

ఇప్పుడు నూట ఇరవై మంది పిల్లలున్న ఒక ప్రాథమిక పాఠశాలను ఊహించుకుందాం. అందరూ వచ్చిన రోజున బియ్యం పన్నెండు కిలోలు, పప్పు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు, కూరగాయలు ఆరు కిలోలు, నూనె ఆరు వందల గ్రాములు తూచాలి. బియ్యం ఖర్చు కేంద్రానిది. ఆహార సంస్థ గోదాము నుంచి ధాన్యం ఎత్తేముందు సంస్థ మనిషీ, కలెక్టరు పంపిన మనిషీ కలిసి నాణ్యత చూడాలని పథకం మార్గదర్శకాలు చెబుతాయి. ఇచ్చేవాడు ఒక్కడే చూస్తే సరిపోదని, తీసుకునేవాడి కళ్లు కూడా అక్కడే ఉండాలని ఈ ఏర్పాటు. బడిలో కనీసం నెలకు సరిపడా నిల్వ ఉండాలన్నది మరో జాగ్రత్త. లారీ ఒక వారం ఆలస్యమైతే ఆ భారం పిల్లల మీద పడదు.

పప్పు, కూరగాయలు, నూనె, దినుసులు, వంటచెరుకు లేదా గ్యాస్ కోసం పిల్లకు ఇంత అని డబ్బు వస్తుంది. 2025 మే 1 నుంచి అది ప్రాథమిక తరగతుల్లో రోజుకు 6 రూపాయల 78 పైసలు, పై తరగతుల్లో 10 రూపాయల 17 పైసలు. ఇక్కడా అదే ఒకటిన్నర రెట్ల నిష్పత్తి. దినుసుల పట్టికలో పెట్టిన లెక్కను డబ్బుల పట్టిక కూడా తప్పలేదు. ఈ ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40గా పంచుకుంటాయి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే 90:10. మన నూట ఇరవై మంది బడికి రోజుకు 813 రూపాయల 60 పైసలు. ఆ డబ్బుతో పప్పు, కూర, నూనె, పొయ్యి అన్నీ గడవాలి. టమాటా ధర పెరిగిన నెలలో ఈ అంకె ఎంత ఇరుకో వంట చేసే మహిళలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వంటవాళ్ల సంఖ్యకూ సూత్రం ఉంది. పాతిక మంది పిల్లల వరకు ఒకరు. 26 నుంచి వంద వరకు ఇద్దరు. ఆపైన ప్రతి వందకూ, వందలో కొంత భాగానికీ మరొకరు. మన బడికి ముగ్గురు. నూరు దాటిన ఇరవై మందికి కూడా ఒక పూర్తి మనిషిని ఇచ్చారు. పిల్లల సంఖ్యను మాత్రమే చూసి భాగించి ఉంటే ఈ సూత్రం ఇలా వచ్చేది కాదు. ఒక్కరే ఉంటే తరగడం, వండడం, వడ్డించడం, గిన్నెలు కడగడం ఒకే చేతి మీద పడుతుందన్న లోకజ్ఞానం ఇందులో ఉంది.

వడ్డనకు ముందు కనీసం ఒక ఉపాధ్యాయుడు రుచి చూడాలి, చూసినట్టు రిజిస్టరులో రాయాలి. ఈ నిబంధనకు ఎంత బరువుందో 2013 జులై 16 తర్వాత దేశమంతా గ్రహించింది. ఆ రోజు బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత నిల్వ, వంటపాత్రలు, దినుసుల కొనుగోలు, రుచి చూడడం మీద మార్గదర్శకాలు మరింత వివరంగా వచ్చాయి. నెలకు కనీసం ఒకసారి ఏ బడి నుంచైనా, ఏ వంటశాల నుంచైనా యాదృచ్ఛికంగా నమూనాలు తీసి ప్రయోగశాలలో పరీక్షించవచ్చని 2015 నియమాలు రాశాయి. గుర్తింపున్న ప్రయోగశాల లెక్క గడుతుంది, రుచి చూసిన ఉపాధ్యాయుడు తన ఒంటి మీద పూచీ పడతాడు. ఒకటి నెలకోసారి జరిగే పరీక్ష, రెండోది ప్రతి రోజూ జరిగేది. పిల్లల ప్రాణం రెండింటి మీదా ఆధారపడి ఉంది.

ఆగిపోతే ఏం చెయ్యాలి?

ఈ నియమాల్లో నన్ను ఎక్కువసేపు ఆపేసింది ఈ భాగమే. మామూలుగా చట్టాలు పని జరగాలని చెబుతాయి, జరగకపోతే శిక్ష చెబుతాయి. జరగకపోవడానికీ శిక్షకూ మధ్య గడిచే రోజుల్లో బాధితుడి గతేమిటో అరుదుగా చెబుతాయి. ఇక్కడ ఆ మధ్య కాలాన్నే మెట్లు మెట్లుగా కట్టారు.

మొదటి మెట్టు ఆ రోజుదే. బియ్యమో డబ్బో తాత్కాలికంగా అందకపోతే హెడ్మాస్టరు బడి ఖాతాలో ఉన్న ఏ నిధినైనా భోజనం ఆగకుండా వాడవచ్చు. భోజనం డబ్బు రాగానే దాన్ని తిరిగి జమ చెయ్యాలి. సర్కారు బడిలో పనిచేసిన ఎవరినడిగినా ఈ వాక్యం విలువ చెబుతారు. ఒక పద్దు కింది డబ్బు ఇంకో పద్దుకు వాడితే ఆడిట్ అభ్యంతరం తప్పదు. ఆ భయంతో ఎంత మంచి హెడ్మాస్టరైనా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వస్తుంది. నియమం ఆ భయాన్ని తీసేసింది. పిల్లకు అందరికంటే దగ్గరగా ఉన్న అధికారికే, పైనుంచి అనుమతి కోసం ఎదురు చూడకుండా, నిర్ణయించే అధికారం ఇచ్చింది. తిరిగి జమ చెయ్యాలన్న బాధ్యతను కూడా అదే వాక్యంలో కట్టింది.

రెండో మెట్టు నెలది. ధాన్యం లేకనో, డబ్బు లేకనో, వంటచెరుకు లేకనో, వంటమనిషి రాకనో, మరే కారణం వల్లనో ఒక బడి రోజున భోజనం పెట్టకపోతే, రాష్ట్ర ప్రభుత్వం వచ్చే నెల 15వ తేదీలోగా పిల్లకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి. ఆ పిల్ల వాటా ధాన్యం, దానితోపాటు ఆ రాష్ట్రంలో అమల్లో ఉన్న వంట ఖర్చు. కారణాల వరస చివర ‘మరే కారణం వల్లనైనా’ అని ఉండడం వల్ల సాకుకు చోటు లేకుండా పోయింది. పోయిన పూటను ఇది తిరిగి తేలేదు. పెట్టకపోవడం వల్ల ప్రభుత్వానికి ఒక్క రూపాయి కూడా మిగలకుండా మాత్రం చేస్తుంది. అన్నం ఎగ్గొడితే లాభం లేనప్పుడు ఎగ్గొట్టాలన్న ఆలోచనకే బలం తగ్గుతుంది. కేంద్రీకృత వంటశాల భోజనం పంపకపోతే ఆ భత్యం వంటశాల నుంచే రాబట్టాలి.

మూడో మెట్టు మనిషిది. వరసగా మూడు రోజులు, లేదా నెలలో కనీసం అయిదు రోజులు భోజనం పెట్టకపోతే, బాధ్యులెవరో తేల్చి చర్య తీసుకోవాలి. ఈ రెండు అంకెలూ వేర్వేరు జబ్బులను పట్టుకుంటాయి. మూడు రోజుల లెక్క ఒక్కసారిగా కుప్పకూలిన బడిని పట్టుకుంటుంది. నెలలో ఒక సోమవారం, ఒక గురువారం అంటూ విడివిడిగా ఎగ్గొట్టే బడి ఆ లెక్కకు దొరకదు. దానికోసం అయిదు రోజుల లెక్క ఉంది. తప్పు కేంద్ర సంస్థదైతే రాష్ట్రం కేంద్రానికి రాయాలి, కేంద్రం నెలలోగా తేల్చాలి.

వీటన్నిటి పైన ఫిర్యాదు మార్గం ఉంది. చట్టం ప్రకారం జిల్లాకో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, రాష్ట్రానికో ఆహార కమిషన్ ఉండాలి.

ఒక రోజు వంటమనిషి రాకపోవడాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ భత్యం నియమానికి 2020లో ఎవరూ ఊహించని పరీక్ష ఎదురైంది. కరోనాతో దేశంలోని బడులన్నీ మూతపడ్డాయి. మార్చి 18న సుప్రీంకోర్టు పిల్లల భోజనం సంగతేమిటని తనంతట తానే ప్రశ్నించింది. రెండు రోజులకే కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది: వండిన భోజనమైనా పెట్టండి, లేదా ఆహార భద్రతా భత్యమైనా ఇవ్వండి. కొత్త చట్టం అవసరం కాలేదు, ఆర్డినెన్సు అవసరం కాలేదు. అయిదేళ్ల కిందట రాసిపెట్టిన వాక్యం అప్పటికప్పుడు అక్కరకొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్లకు చేరాయి. అన్ని చోట్లా సకాలంలో, సమానంగా అందిందని అనలేం. అందాల్సింది ఏమిటో, ఇవ్వాల్సింది ఎవరో అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా తలెత్తలేదు.

వదులుగా ఉన్న చోట్లు

ఇంత శ్రద్ధగా చేసిన పనిలో వదులుగా ఉన్న చోట్లను చూపించడం కూడా గౌరవమే. జిల్లా అధికారి చెప్పిన పరిహారాన్ని తగిన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి కమిషన్ వెయ్యగల జరిమానా 5,000 రూపాయలకు మించదు. పిల్లల ఆకలికి ఆ వెల చాలా తక్కువ. భోజనం పెట్టకపోతే భత్యం ఉంది కానీ, నాణ్యత బాగాలేదన్న కారణంతో భత్యం అడగడానికి నియమాలు ఒప్పుకోవు. ముక్క వాసన వచ్చే అన్నం పెట్టినా పెట్టినట్టే లెక్క అవుతుంది. హక్కు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది, ఒంటికి ఎక్కువ తిండి కావాల్సిన వయసులో తొమ్మిదో తరగతి పిల్ల చట్టం బయట ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ సొంత ఖర్చుతో తొమ్మిది, పది తరగతులకు పెడుతున్నాయి. అది ప్రభుత్వాల మంచితనమే, చట్టం ఇచ్చిన హామీ కాదు.

అన్నిటికంటే బాధ కలిగించేది వంట చేసే చేతుల సంగతి. 2009లో కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. కేంద్రం లెక్కలో అది ఇప్పటికీ వెయ్యే. తెలుగు రాష్ట్రాలు తమ వంతు కలిపి మూడు వేలు చేశాయి. పప్పు ఎన్ని గ్రాములో అంత కచ్చితంగా రాసిన చట్టం, ఆ పప్పు ఉడికించే మనిషికి నెల గడిచేదెలాగో రాయలేదు. ఈ నిర్మాణంలో మొదట బిగించాల్సిన చోటు ఇదే.

మొత్తంగా చూస్తే

ఇప్పుడు భాగాలన్నిటినీ తిరిగి కూర్చి చూడండి. పైన చట్టం ‘ప్రతి రోజూ’ అంటుంది. షెడ్యూలు ‘ఇంత’ అంటుంది. నియమాలు దాన్ని గ్రాముల్లోకి మార్చి, ఆగిపోయే ప్రతి చోటా ఒక గడువును, ఒక మనిషిని నిలబెడతాయి. మార్గదర్శకాలు గోదాము దగ్గర రెండు జతల కళ్లను, పొయ్యి దగ్గర ఒక నాలుకను కాపలా పెడతాయి. దేశంలో పది లక్షలకు పైబడిన బడుల్లో సుమారు పదకొండు కోట్ల మంది పిల్లల కంచాలు ఈ నాలుగు అంతస్తుల మీద నిలబడి ఉన్నాయి. ఒక్కో అంతస్తు కింది దాని పని చెయ్యదు, కింది దాన్ని నమ్ముకుని తన పని చేస్తుంది.

ఆ నమ్మకానికి అడుగున ఉన్నది తల్లిదండ్రులు. భోజనం నాణ్యతనూ వంట జరిగే చోటి శుభ్రతనూ చూసే పనిని 2015 నియమాలు పాఠశాల యాజమాన్య కమిటీకి అప్పగించాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. ఎంత ధాన్యం వచ్చింది, ఎంత వాడారు, ఎంతమంది తిన్నారు, ఇవాళ ఏం వండారు అన్నవి అడక్కుండానే బడిలో రాసిపెట్టాలని మార్గదర్శకాలు చెబుతున్నది వాళ్లు చదవడానికే. వంద గ్రాముల బియ్యం, ఇరవై గ్రాముల పప్పు, మూడు రోజులు, అయిదు రోజులు, పదిహేనో తేదీ. ఈ అయిదూ గుర్తుంటే చాలు, ఏ తల్లి అయినా తన పిల్ల బడిలో చట్టం నడుస్తోందో లేదో తనే తేల్చుకోగలదు. ఇంత పెద్ద దేశపు చట్టాన్ని ఒక తల్లి వేళ్ల మీద లెక్కపెట్టుకునేంత చిన్న అంకెల్లో రాయగలగడం గొప్ప పనితనం. ఆ అంకెలు ప్రతి ఊళ్లో ప్రతి తల్లికీ తెలిసిన రోజున ఆ పనితనం పూర్తవుతుంది.